పెద్ద గృహ అక్వేరియం - నిర్మాణ సామగ్రి

గృహ అక్వేరియం అనగా చేపలను, నీటి మొక్కలను పెంచుటకు ఇంటిలో ఏర్పాటు చేసుకొనే పారదర్శకమైన నీటి తొట్టి. వెయ్యి లీటర్లకు మించిన తొట్టి అంగళ్ళలో సిద్ధంగా దొరకుట అరుదు. కొలతలిచ్చి చేయించుకొనవలెను, లేదా ఉంచదలచిన చోటనే కట్టుకొనవలెను. ఇందుకు గాజు, అక్రిలిక్, ప్లైవుడ్, కాంక్రీటు వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏది తగినదో, ఎంత మందం కావలెనో నిర్ణయించేది ముఖ్యంగా నీటి ఎత్తే గాని నీటి పరిమాణం కాదు.

నీటి పీడనం

ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. గోడపై నీరు కలిగించే పీడనం లోతును బట్టి పెరుగుతుంది. ముందు గోడకూ వెనుక గోడకూ మధ్య దూరంతో దానికి సంబంధం లేదు. ఇది పాఠశాల భౌతికశాస్త్రంలో చదివేదే అయినా, తొట్టి కొలతలు నిర్ణయించేటప్పుడు చాలామంది మరచిపోతారు. ఉదాహరణకు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు గల తొట్టిలో 2,400 లీటర్ల నీరు పడుతుంది. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 0.6 మీటరు ఎత్తు గల తొట్టిలో కూడా అంతే నీరు పడుతుంది. కాని 2 మీటర్ల పొడవు గల ముందు గోడపై పడే మొత్తం ఒత్తిడి మొదటి దానిలో సుమారు 1,440 కిలోల బరువుతో సమానం, రెండవ దానిలో 360 కిలోలు మాత్రమే. ఎత్తు సగమైతే గోడపై ఒత్తిడి నాలుగవ వంతు అవుతుంది.

చేపలకు కూడా ఎత్తు కంటె వైశాల్యమే మేలు. నీటిలోనికి ప్రాణవాయువు చేరేది ప్రధానంగా పైతలం నుండి. వాస్తు పేరిట మన ఇళ్ళలో ఎక్కువగా పెంచే అరొవానా పైతలంలో తిరిగే చేప. రెండు అడుగులకు మించి పెరుగుతుంది. దానికి వెనుదిరుగుటకు వెడల్పు కావలెను, లోతుతో పని తక్కువ. ఎత్తైన తొట్టి చూచేవారి కోసమే.

గాజు

గాజు గట్టిది, గీతలు పడనిది, చవకైనది. దీని సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. 12 మి.మీ. మందం గల చదరపు మీటరు పలక 30 కిలోలు, 19 మి.మీ. పలక 47 కిలోలకు పైగా తూగుతాయి. మందమైన మామూలు గాజు ఆకుపచ్చగా కనిపించుటకు కారణం అందులోని ఇనుము. ఇనుము తక్కువగా ఉన్న గాజు తెల్లగా ఉంటుంది, ధర ఎక్కువ.

టఫెన్డ్ గాజు మామూలు గాజు కంటె నాలుగైదు రెట్లు బలమైనది. అయితే అది విరుగుట కష్టమే గాని వంగుట తగ్గదు. ఒకే మందం గల రెండూ ఒకే విధంగా వంగుతాయి. అందుచేత టఫెన్డ్ అని పలుచని పలక వాడిన చోట గోడ ఉబ్బి అతుకులపై లాగుడు పెరుగుతుంది. టఫెన్ చేసిన తరువాత కోయుటకు గాని, గొట్టాల కోసం రంధ్రం చేయుటకు గాని వీలులేదు. పగిలినపుడు పలక మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలై నీరంతా బయటకు వస్తుంది. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంచి అతికిన లామినేటెడ్ గాజులో ఒక పలక పగిలినా రెండవది కొంతసేపు నిలిచి, నీరు తోడుకొనుటకు వ్యవధి ఇస్తుంది. మనుషులు తిరిగే గదిలో పెద్ద తొట్టికి ఈ వ్యవధి విలువైనది.

అతుకులకు సిలికోన్ సీలెంట్ వాడుతారు. ఆరేటప్పుడు పులిసిన వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకు బాగా అంటుకొంటుంది. స్నానాల గదుల కోసం అమ్మే సిలికోన్‌లో బూజును చంపే మందు కలిపి ఉంటుంది. అది చేపలకు విషం. డబ్బాపై వివరం చదవకుండా కొనరాదు. సిలికోన్ గాలిలోని తేమతో పైనుండి లోపలికి గట్టిపడుతుంది కనుక, లావు అతుకులకు కనీసం వారం రోజులు విడిచి తరువాత నీరు నింపవలెను.

అక్రిలిక్

అక్రిలిక్ బరువు గాజులో సగం కంటె తక్కువ. దెబ్బకు తొందరగా పగలదు, వేడి బయటకు పోనివ్వదు. కాని గాజు కంటె ఇరవై రెట్లకు పైగా మెత్తన, కనుక ఎక్కువ మందం కావలెను. పైఅంచు చుట్టూ పట్టీ తప్పనిసరి. గీతలు సులభంగా పడినా సానపట్టి తొలగించవచ్చును. అమ్మోనియా, స్పిరిట్ గల ద్రవాలతో తుడిస్తే సన్నని పగుళ్ళు బయలుదేరుతాయి. సిలికోన్ దీనికి సరిగా అంటదు. ద్రావకంతో పలకల అంచులను కరిగించి కలుపుతారు. ఈ అతుకు మంచి పనివాని చేతిలోనే నిలుస్తుంది.

బెర్లిన్‌లోని ఒక హోటల్‌లో సుమారు 10 లక్షల లీటర్ల నీటితో నిలిచిన ఆక్వాడోమ్ అనే అక్రిలిక్ అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బద్దలైంది. అందులోని సుమారు 1,500 చేపలలో అత్యధికం చనిపోయాయి. అతుకు వదులుట, అడుగున నొక్కు పడుట, మరమ్మతు సమయంలో ఖాళీగా ఉన్నపుడు అక్రిలిక్ ఎండిపోవుట అనే మూడు కారణాలను నిపుణులు పరిశీలించినా ఏదో ఒకదానిని నిర్ధారించలేకపోయారు.

ప్లైవుడ్, కాంక్రీటు

చాలా పెద్ద తొట్టికి నాలుగు వైపులా గాజు అవసరం లేదు. మూడు గోడలను, అడుగును ప్లైవుడ్‌తో చేసి, లోపల ఫైబర్ గ్లాసు గుడ్డ పరచి ఎపాక్సీ పూత పూసి, ముందు మాత్రం గాజు బిగిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. గాజును చట్రానికి లోపలి వైపు అమర్చవలెను. అప్పుడు నీటి ఒత్తిడే దానిని చట్రానికి అదిమి ఉంచుతుంది. ప్లైవుడ్ భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710 గుర్తు గల మెరైన్ రకమై ఉండవలెను. కాంక్రీటు తొట్టి నుండి సున్నం నీటిలోనికి దిగి క్షారగుణం పెరుగుతుంది. 28 రోజులు తడిపి, తరువాత ఎపాక్సీ పూయవలెను.

నేల, పీఠం

భారతీయ ప్రమాణాల ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు భారం కోసం రూపొందిస్తారు. 0.6 మీటరు లోతు నీరే చదరపు మీటరుకు 600 కిలోలు. మేడమీద పెట్టదలచినవారు ఇంజనీరును సంప్రదించక తప్పదు. కింది అంతస్తులో కూడా పునాది గోడల మధ్య నింపిన మట్టి సరిగా అణగకపోతే, లేదా ఇల్లు నల్లరేగడి నేలలో ఉంటే, కాలక్రమేణా ఒక మూల కుంగవచ్చును. తొట్టి కొద్దిగా మెలిపడినా గాజు పగులుతుంది.

పీఠానికి కడప రాయి వాడుట మన ప్రాంతంలో అలవాటు. అది అదుముడుకు తట్టుకొంటుంది గాని వంపుకు తట్టుకోదు. కింద దగ్గర దగ్గరగా గోడలు గాని ఇనుప కమ్ములు గాని ఉండవలెను. సున్నపురాయి జాతి కనుక దానిని తొట్టి లోపల అలంకారానికి వేస్తే నీటి కఠినత్వం పెరుగుతుంది. రాతికీ గాజు అడుగుకూ మధ్య థర్మోకోల్ పలక పరచవలెను. లోపల తగిలే చోట రాగి, ఇత్తడి, జింకు పూత గల ఇనుము వాడరాదు, పి.వి.సి. గొట్టాలు నిరపాయకరం.