మందులకు లొంగని మూర్ఛ – మెదడులోని మచ్చ

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టు అలవాటు తెలుగునాట ఈనాటికిని పోలేదు. మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంతట తానే తగ్గును. పేరు మాత్రము ఇనుమునకు వచ్చినది.

మూర్ఛరోగులలో సుమారు మూడింట రెండువంతుల మందికి మందులతోనే మూర్ఛలు ఆగిపోవును. తగిన మందులు రెండు సరిగా వాడినను ఆగనిచో, అది మందులకు లొంగని మూర్ఛ. అట్టివారి మెదడులో ఏమున్నది?

దీనికి జవాబు మొదట మృతుల మెదడులలో దొరకినది. కణత లోపలి భాగమున సముద్రపు గుఱ్ఱపు ఆకారముతో హిప్పోకాంపస్ అను భాగము కలదు. పలువురు మూర్ఛరోగులలో అచ్చటి కణములు నశించిన సంగతిని 1880లో జర్మను వైద్యుడు సోమర్ వర్ణించెను. అట్లు నశించిన చోటు కుంచించుకొని గట్టిపడును. జ్ఞాపకములు నిలుపుటకు ఆ భాగమే ముఖ్యము. ఆయుర్వేదము ఈ రోగమును అపస్మారమన్నది, అనగా స్మృతి తొలగుట. పేరు పెట్టినవారికి హిప్పోకాంపస్ తెలియకపోవచ్చును గాని, రోగిని వారు శ్రద్ధగా చూచిరి.

బ్రతికియున్నవాని మెదడులో ఆ మచ్చను చూచుట ఎట్లు? ఎక్స్-కిరణములకు పుఱ్ఱె కనబడును, మెత్తని మెదడు కనబడదు. 1919లో అమెరికా వైద్యుడు డాండీ వెన్నులోనికి గాలి ఎక్కించి, ఆ గాలి మెదడులోని కుహరములను చేరిన పిమ్మట ఛాయాచిత్రము తీసెను. రోగికి అది నరకయాతన. 1929లో బెర్గర్ మెదడు విద్యుత్తరంగములను లోకమునకు తెలిపెను.

ఈపాటి సాధనములతోనే 1952లో వెల్లూరులో డాక్టరు జేకబ్ చాందీ మూర్ఛకు శస్త్రచికిత్స చేసెను. అప్పటికి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, వెల్లూరు అన్నియు మద్రాసు రాష్ట్రములోనివే.

1971లో లండనులో మొదటి రోగికి సి.టి. చిత్రము తీసిరి. అందును ఈ మచ్చ సరిగా కనబడలేదు. 1980ల చివర ఎం.ఆర్.ఐ. దానిని స్పష్టముగా చూపెను: కుంచించుకొన్న హిప్పోకాంపస్, కొన్ని చిత్రములలో ప్రక్కభాగములకంటె తెల్లగా. మచ్చ ఒకే ప్రక్కనుండి, విద్యుత్తరంగములును అటే చూపినచో, దానిని తొలగింపవచ్చును.

ఫలమేమి? మందులకు లొంగని మూర్ఛగల 116 మంది పిల్లలపై జరిపిన పరీక్షను ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2017లో ప్రకటించిరి. ఆ పిల్లలందరిదియు హిప్పోకాంపస్ వ్యాధి కాదు. ఏడాది తరువాత, శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 77 మందికి మూర్ఛలు లేవు. మందులతోనే ఉన్నవారిలో 7గురికే. అయితే శస్త్రచికిత్స పొందినవారిలో మూడవవంతు మందికి అవయవముల బలహీనత వంటి తీవ్రమైన ఇబ్బందులు కలిగెను.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా పోవు రైలు బెంగుళూరు చేరును. అచ్చట 1974లో ఏర్పడిన నిమ్‌హాన్స్‌లో ఈ పరీక్షలును, శస్త్రచికిత్సయు జరుగుచున్నవి. వెళ్ళువారు పాత చిత్రములను వెంట తీసికొని పోవలెను. సాధారణ పరీక్షలో ఈ చిన్న మచ్చ తప్పిపోవుటయు కద్దు.