దావోస్ అంటే ఒప్పందాలేనా? ఒక ఐస్ హాకీ కప్పు వెనక కథ

ముందుగా ఒక చిన్న ప్రశ్న. దావోస్ అనగానే మీకేం గుర్తొస్తుంది? జనవరి వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ కోట్లు వేసుకుని మంచులో ఫొటోలు దిగుతారు, ఇన్ని వేల కోట్ల ఒప్పందాలు అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. అంతే కదా! నాకూ నిన్నమొన్నటి దాకా అంతే.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో మా క్లయింట్ స్విట్జర్లాండ్ వాళ్ళు. డిసెంబర్ ఆఖరి వారంలో అక్కడ అందరికీ సెలవులు, ఇక్కడ నైట్ షిఫ్ట్‌లో సపోర్ట్‌కి మేం. ఒకసారి వాళ్ళ మేనేజర్ కాల్‌లో, "ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం మాత్రం ఫోన్ చెయ్యొద్దు, దావోస్‌లో ఫైనల్ ఉంది" అన్నాడు. ఏం ఫైనల్ అని వెతికితే స్పెంగ్లర్ కప్ అని వచ్చింది. ఐస్ హాకీ. తవ్వేకొద్దీ అది ఆట కథ కంటే మనుషుల కథ అని అర్థమైంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఆ ఊరి సంగతి చూద్దాం. దావోస్ సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉన్న కొండ ఊరు. 1853లో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే డాక్టర్ అక్కడికి వచ్చాడు. ఈయన జర్మనీ మనిషి. అక్కడి విప్లవంలో పాల్గొని, అది ఓడిపోయాక పారిపోయి, స్విట్జర్లాండ్‌లో వైద్యం చదువుకున్నాడు. అంటే ఇప్పటి మాటల్లో ఒక శరణార్థి. ఈ కొండ జనానికి క్షయ పెద్దగా రావట్లేదని ఆయన గమనించాడు. 1865 చలికాలంలో రోగులు రావడం మొదలైంది. ఆ తర్వాత హోటళ్ళు, శానిటోరియంలు, రైలు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పట్లో టీబీకి మందు లేదు. మంచి గాలి, ఎండ, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. ఆ ఊరి పేరు విన్న పెద్దవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన కొడుకు కార్ల్ స్పెంగ్లర్. ఈయనా క్షయ డాక్టరే, రాబర్ట్ కోక్ దగ్గర పనిచేసినవాడు. 1923లో ఈయన ఒక కప్పు ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తెలియాలంటే ఆ టైమ్ ఎలాంటిదో చూడాలి. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసింది. ఓడిపోయిన జర్మనీ, ఆస్ట్రియాలను 1920 ఒలింపిక్స్‌కి పిలవలేదు. ఐస్ హాకీ అంతర్జాతీయ సమాఖ్యలోంచీ బయటపెట్టేశారు. అలాంటప్పుడు కార్ల్ స్పెంగ్లర్ ఏమన్నాడంటే, నిన్న ఎదురెదురుగా తుపాకులు పట్టుకున్న దేశాల కుర్రాళ్ళని ఒకే మంచు మీద ఆడిద్దాం అన్నాడు. సమాఖ్య పిలవకపోతే ఏం, మేం పిలుస్తాం, రండి అన్నట్టు. ఇన్విటేషనల్ టోర్నమెంట్ అంటే అదే. క్వాలిఫయింగ్ గొడవ లేదు, ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు ఎవరిని పిలిస్తే వాళ్ళే వస్తారు.

మొదటి కప్పు 1923లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ గెలిచింది. ఇంగ్లిష్ వాళ్ళకి ఐస్ హాకీ అంత బాగా ఎలా వచ్చింది అనుకోకండి. ఆ జట్టుకి బలం అక్కడ చదువుకోవడానికి వెళ్ళిన కెనడా కుర్రాళ్ళు. 1924లో బెర్లిన్ జట్టు గెలిచింది. జర్మనీని సమాఖ్య మళ్ళీ చేర్చుకుంది 1926లో. అంటే దాని కంటే రెండేళ్ళ ముందే ఒక జర్మన్ జట్టు దావోస్‌లో కప్పు ఎత్తింది. ఆ డాక్టర్ అనుకున్నది నిజంగానే జరిగింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి ఫీల్ గుడ్ కథ. కానీ అసలు కథ 1948 డిసెంబర్‌లో ఉంది.

ప్రాగ్ నగరంలో ఎల్‌టీసీ ప్రాహా అని ఒక క్లబ్. పేరులో ఎల్‌టీసీ అంటే లాన్ టెన్నిస్ క్లబ్, కానీ హాకీలో యూరప్‌లోనే గొప్ప జట్టు. చెకోస్లొవేకియా జాతీయ జట్టులో చాలామంది ఈ క్లబ్ వాళ్ళే. 1947లో ఆ దేశం ప్రపంచ చాంపియన్. 1948 ఒలింపిక్స్ సెయింట్ మోరిట్జ్‌లో, అదీ స్విట్జర్లాండే. అక్కడ కెనడాతో 0-0 డ్రా చేసి, గోల్స్ లెక్కలో వెనకబడి వెండి పతకం తెచ్చుకున్నారు. గోల్‌కీపర్ బొహుమిల్ మోద్రీ.

ఆ ఒలింపిక్స్ జరిగిన ఫిబ్రవరిలోనే వాళ్ళ దేశంలో కమ్యూనిస్టులు అధికారం చేతిలోకి తీసుకున్నారు. సరిహద్దులు బిగుసుకున్నాయి. నవంబర్ 8న ఇంకో దెబ్బ. పారిస్ నుంచి లండన్ వెళ్తున్న చిన్న విమానం సముద్రం మీద మాయమై, ఆరుగురు జాతీయ జట్టు ఆటగాళ్ళు చనిపోయారు. శవాలు కూడా దొరకలేదు. ఆ దుఃఖం ఆరకముందే, డిసెంబర్‌లో ఎల్‌టీసీ ప్రాహా దావోస్‌కి వచ్చింది. కప్పు గెలిచింది. వరసగా మూడో ఏడాది.

అప్పుడు జట్టు ముందు ఒక ప్రశ్న వచ్చింది. ఇంటికి వెళ్దామా, ఇక్కడే ఉండిపోదామా? అందరం కలిసి ఉండిపోయి బయటి దేశంలో జట్టుగా ఆడదాం అన్నది ఆలోచన. కూర్చుని మాట్లాడుకున్నారు. అభిప్రాయాలు చీలిపోయాయి.

ఒక్క నిమిషం ఆలోచించండి. మనలో చాలా ఇళ్ళల్లో ఈ మాట నడుస్తుంటుంది. అక్కడే ఉండిపోవాలా, తిరిగి వచ్చెయ్యాలా అని. కానీ మనకి సంక్రాంతికి టికెట్ బుక్ చేసుకునే వీలుంటుంది. వాళ్ళకి లేదు. ఉండిపోతే అమ్మానాన్నల్ని, పెళ్ళాంపిల్లల్ని మళ్ళీ చూస్తారో లేదో తెలీదు. వెనక మిగిలినవాళ్ళని ప్రభుత్వం ఏం చేస్తుందో తెలీదు. తిరిగి వెళ్తే ఏమవుతుందో అంతకన్నా తెలీదు.

చివరికి ఓల్డ్‌రిచ్ జాబ్రొద్‌స్కీ, మిరోస్లావ్ స్లామా ఉండిపోయారు. మిగతావాళ్ళు రైలెక్కి ఇంటికి వెళ్ళారు. 1949లో దేశానికి మళ్ళీ ప్రపంచ టైటిల్ తెచ్చారు. అంటే మేం పారిపోయేవాళ్ళం కాదు అని మంచు మీద చూపించారు.

ఏం లాభం! 1950 మార్చిలో లండన్‌లో ప్రపంచ పోటీలకి బయల్దేరుతుంటే విమానం ఎక్కనివ్వలేదు. మన రేడియో విలేకరులకి బ్రిటన్ వీసా ఇవ్వలేదు కాబట్టి వెళ్ళట్లేదు అని ప్రభుత్వం చెప్పింది. కడుపు మండిన కుర్రాళ్ళు మార్చి 13న ప్రాగ్‌లో ఒక బార్‌లో తాగి, ప్రభుత్వాన్ని గట్టిగా తిట్టారు. రహస్య పోలీసులు అక్కడే పట్టుకున్నారు. అక్టోబర్‌లో విచారణ. నేరం దేశద్రోహం, గూఢచర్యం. దావోస్‌లో మాట్లాడుకున్న ఆ మాటలే వాళ్ళ మీద సాక్ష్యం అయ్యాయి. గమనించండి, వెళ్ళిపోయినందుకు కాదు, వెళ్ళిపోదామా అని ఆలోచించి తిరిగొచ్చినందుకు శిక్ష.

మోద్రీ ఆ రోజు బార్‌లో కూడా లేడు. ఆయనకి 15 ఏళ్ళు. గుస్తావ్ బుబ్నీక్‌కి 14. స్తానిస్లావ్ కొనోపాసెక్‌కి 12. యాఖిమోవ్ ప్రాంతంలో యురేనియం గనుల్లో పని చేయించారు. 1955లో క్షమాభిక్షతో విడుదలయ్యారు. కానీ గనుల్లో పాడైన ఆరోగ్యంతో మోద్రీ 1963లో చనిపోయాడు, వయసు 46. వాళ్ళ తప్పేం లేదని దేశం ఒప్పుకుంది 1968లో. బుబ్నీక్ మాత్రం తర్వాత ఫిన్లాండ్ జాతీయ జట్టుకి కోచ్ అయ్యాడు.

కప్పు మాత్రం ఆగలేదు. 1980ల్లో స్పార్టాక్ మాస్కో గెలిచింది, 1984లో తొలిసారి వచ్చిన టీమ్ కెనడా కూడా గెలిచింది. ప్రచ్ఛన్నయుద్ధం జరుగుతున్నా ఆ వారం రెండు వైపులా ఒకే రింక్‌లో ఆడాయి. ఇప్పటికీ డిసెంబర్ 26 నుంచి 31 దాకా ఆరు జట్లు ఆడతాయి, అందులో ఊరి జట్టు హెచ్‌సీ దావోస్ ఎప్పుడూ ఉంటుంది. కరోనా వల్ల 2020, 2021లో జరగలేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా క్లబ్బులు అక్కడ కనిపించడం లేదు. ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు అన్న 1923 నాటి ప్రశ్న మళ్ళీ అదే ఊరి గుమ్మంలోకి వచ్చింది.

నాకేమనిపిస్తుందంటే, ఆ డాక్టర్ చేసింది చిన్న పని కాదు. శత్రువుల్ని ఆరు రోజులు ఒకచోట ఆడించాడు. కానీ ఆట ఏడో రోజు మనల్ని కాపాడలేదు. ఏడో రోజు అందరూ ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళాలి, అక్కడ ఎలాంటి ప్రభుత్వం ఉందో దాన్ని బట్టే బతుకు. ఆటలు దేశాల్ని కలుపుతాయి అని మనం తేలిగ్గా అనేస్తాం. కలుపుతాయి, నిజమే. ఆ కలిసినందుకు మూల్యం కట్టినవాళ్ళ పేర్లు కూడా గుర్తుంచుకోవాలి.

ఈ జనవరిలో టీవీలో దావోస్ మంచు కనిపించినప్పుడు, పెట్టుబడుల లెక్కతో పాటు ఆ గోల్‌కీపర్ని కూడా ఒక్కసారి తలుచుకోండి. మీ ఇంట్లో ఆరోగ్యవరం జ్ఞాపకాలు ఉన్న పెద్దవాళ్ళు ఉంటే అడిగి రాసుకుని పెట్టండి. అవి కూడా చరిత్రే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.