నల్లరేగడిలో రష్యా పువ్వు

పొద్దుతిరుగుడు ఎప్పట్నుంచో మన పంటే అన్నట్టు ఉంటుంది గానీ, అది ఈ దేశపు సాగులోకి వచ్చి ఇంకా అరవై ఏళ్లు నిండలేదు. ఉత్తర అమెరికా ఆదివాసులు మచ్చిక చేసుకున్న మొక్క ఇది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు తీసుకెళ్తే అక్కడ చాలాకాలం తోటల్లో అందానికే పెంచారు. నూనెపంటగా నిలబెట్టింది రష్యా. క్రాస్నొదార్‌లో పుస్తొవోయిత్ అనే ఆయన ప్రతి మంచి మొక్క గింజల్లో సగం దాచి సగం విత్తేవాడు. ఏ మొక్క సంతానం బాగా పండిందో చూసి, ఆ మొక్కవే దాచిన గింజలు బయటికి తీసేవాడు. ముప్పై శాతం చుట్టూ ఉన్న నూనె యాభై దాకా ఎక్కింది ఈ ఓపికతోనే.

1969లో పెరెడోవిక్ లాంటి రష్యన్ రకాలు మన దేశానికి వచ్చాయి. అవి పైపైకి ఒకే రకం, చేలోకి దిగితే కలగాపులగం. ఒక మొక్క నడుమెత్తు, పక్కది మనిషిని మించి. పూత ఒకేసారి రాదు. తన పుప్పొడి తనకు సరిగా పనికిరాని మొక్కలే ఎక్కువ కాబట్టి, తేనెటీగలు తగ్గితే పువ్వు నడిమంతా తాలే. రైతుకు తలనొప్పి అయిన ఈ తేడాలే ప్రజననకారుడికి పెట్టుబడి.

ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ ఒక అడవి పొద్దుతిరుగుడుతో సంకరం చేసి పుప్పొడి రాని మొక్కను సాధించి, 1969లో ప్రకటించాడు. సంతానంలో పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువును మరుసటేడే అమెరికాలో కిన్మన్ చూపించాడు. ఆడ మొక్కకు తన పుప్పొడే అంటుకునే బెడద తీరి, ఇక రెండు లైన్లను కలిపే హైబ్రిడ్లకు దారి పడింది. 1980లో బెంగళూరు నుంచి బీఎస్‌హెచ్-1 విడుదలైంది. 1906 నాటి నంద్యాల పరిశోధన స్థానం తర్వాత ఎన్‌డీఎస్‌హెచ్-1 ఇచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ చేలల్లో సీడు సాగూ పెరిగింది. మరో పొద్దుతిరుగుడు చేనుకు 400 మీటర్ల ఎడం ఉంచి, మూడు ఆడ సాళ్లకు ఒక మగ సాలు వేస్తారు. పొద్దున ఎండ ముదరకముందే మగ పువ్వును గుడ్డతో రుద్ది, అదే గుడ్డతో ఆడ పువ్వును తడుముతారు. రోజు విడిచి రోజు ఇదే పని.

హైబ్రిడ్‌కు తల్లిదండ్రుల్ని ఎంచేదెలా? తల్లిదండ్రులు కాగల శుద్ధ వంశాలు, అంటే లైన్లన్నిటినీ మూడేసి చోట్ల విత్తుతారు, నేల తేడాను మొక్క గుణమని పొరబడకుండా. సాలుకు కొన్ని మొక్కల్ని పట్టి సగం పూతకు పట్టిన రోజులు, ఎత్తు, పువ్వు వ్యాసం, వంద గింజల బరువు, పొట్టు శాతం, నూనె శాతం రాసుకుంటారు. ఆ అంకెలన్నిటినీ కలిపి ఒక్క దూరంగా మార్చే సూత్రం గణాంకవేత్త మహలనోబిస్‌ది, 1936 నాటిది. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల ఒంటి కొలతల దగ్గర మొదలైన ఆలోచన అది. అప్పటి బళ్లారి జిల్లాలో పుట్టిన మన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో సూడాన్ పాత సమాధుల ఎముకల్ని ఇదే లెక్కతో చూశారు. దూరాల్ని బట్టి గుంపులు కట్టే పద్ధతిని 1952 నాటి తన పుస్తకంలో వివరించారు. పుర్రెల లెక్క పువ్వులకు దిగింది! దూరపు గుంపుల మధ్య సంకరం చేస్తే సంతానం మెరుగ్గా ఉంటుందని ఆశ. నాకైతే దూరం ఒక్కటే చాలదనిపిస్తుంది. ఎంత దూరపు సంబంధమైనా రెండు లైన్లూ సొంతంగా పండేవి కాకపోతే ఏం లాభం?

అసలు ఇబ్బంది ఇంకోటుంది. ప్రపంచంలో వాణిజ్య హైబ్రిడ్లలో దాదాపు అన్నిటికీ తల్లి వైపు మూలం లెక్లెర్క్ మొక్కే. చేను సమంగా పూస్తోంది, వెనకున్న వైవిధ్యం మాత్రం ఇరుకు. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర నెక్రోసిస్ తెగులు బయటపడి మన చేలకూ పాకింది. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్, దాన్ని మొక్కకు అంటించేది తామరపురుగు. సాగులోని లైన్లలో గట్టిగా తట్టుకునేది దొరక్క అడవి జాతుల్లో వెతుకులాట మొదలైంది. ఈలోగా చౌక దిగుమతి నూనెలు ధరను నొక్కాయి, మెట్ట రేగళ్లు శనగకు మళ్లాయి. పొద్దుతిరుగుడును వదలని రైతు విత్తనానికి మందు పట్టించి, చేను చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న వేసుకుంటున్నాడు.