అచ్చు ఆక్స్‌ఫర్డ్‌ది, ఖర్చు విజయనగరానిది

1860 డిసెంబర్ 7. ఆక్స్‌ఫర్డ్. కోటు గుండీలు విప్పనివ్వని చలి. పల్లె చర్చిల నుంచి పాదిరీలు గుంపులు గుంపులుగా దిగుతున్నారు. అందరికీ ఓటుంది. ఎన్నిక పార్లమెంటుకు కాదు. సంస్కృత ఆచార్య పదవికి!

బరిలో ఇద్దరు. ఒకరు మోనియర్ విలియమ్స్. రెండోవాడు జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ మాక్స్ ముల్లర్. ఋగ్వేదంలో తలపండినవాడు ఎవరో ఊరందరికీ తెలుసు, కానీ ఆ పీఠానికి డబ్బిచ్చిపోయిన కర్నల్ బోడెన్ కోరిక బైబిల్‌ని సంస్కృతంలోకి తేవాలని, ఈ జర్మన్ పండితుడి దైవభక్తి మీద పాదిరీలకేమో బోలెడు అనుమానాలు, పైగా అతను పరాయి దేశస్థుడాయె. ఓట్లు లెక్కపెట్టారు. విలియమ్స్‌కి 833. ముల్లర్‌కి 610.

ఓడిపోయాడు. కానీ చేతిలో పని మాత్రం ఉంది. ఎవరూ లాక్కోలేని పని.

అది ఋగ్వేద సాయణభాష్యాన్ని అచ్చుకు తేవడం. వేదం నోటికి రావడం వేరు, అర్థం కావడం వేరు. యాస్కుడి కాలానికే కౌత్సుడనే ఆయన మంత్రాలకు అర్థమే లేదని వాదించాడు. యాస్కుడు ఊరుకోలేదు, నిఘంటువనే వేదపదాల పట్టికలోని మాటల్ని పట్టుకుని, వాటి పుట్టుక విప్పే నిరుక్తం చెప్పాడు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత, 14వ శతాబ్దంలో, బుక్కరాయల ఏలుబడిలో సాయణుడు మంత్రం మంత్రానికీ అర్థం విప్పాడు. ఆ భాష్యాన్ని తాళపత్రాల నుంచీ, చేతిరాత ప్రతుల నుంచీ ఏరి, సరిచూసి, ముల్లర్ 1849లో తొలి సంపుటం అచ్చువేయించాడు. పైకం ఈస్టిండియా కంపెనీది. మిగతా సంపుటాలు తయారవుతుండగానే మరో దిక్కు నుంచి పిడుగు పడింది.

సెంట్ పీటర్స్‌బర్గ్. 1855. బోట్‌లింగ్, రోత్ అనే ఇద్దరు జర్మన్లు మహానిఘంటువు మొదలుపెట్టారు. వేదపదాలు రోత్ వంతు. అతని పట్టు ఒక్కటే: సాయణుడు వేదకాలానికి వేల ఏళ్ల తర్వాతివాడు, అతని మాటే శిరోధార్యం ఎందుకు కావాలి? ఒక మాట వచ్చిన చోట్లన్నీ పక్కపక్కన పెట్టండి, అర్థం అదే తేలుతుంది. ఏడు సంపుటాలు. 1875 దాకా సాగింది. ఈలోగా ష్టెట్టిన్ ఊళ్లో గ్రాస్‌మన్ అనే బడిపంతులు, తన గణితాన్ని ఎవరూ పట్టించుకోలేదని విసిగి, ఋగ్వేదం మీద పడ్డాడు.

1873 నాటికి అతని నిఘంటువు సిద్ధం. ఒక్క పుట తెరిస్తే చాలు, మనిషి తెలుస్తాడు. మొదట ధాతువు. కింద అర్థాలు. ఆ కింద విభక్తి ప్రత్యయం వారీగా ఆ పదం ధరించిన ప్రతి రూపం. రూపం పక్కన సూక్తం అంకె, ఋక్కు అంకె. లెక్కల మాస్టారు కదా, ఏదీ వదల్లేదు. ఇవాళ నాచారంలో గది అద్దెకుంటూ ఉస్మానియాలో సంస్కృతం చదివే కుర్రాడు ఉప్పల్ మెట్రోలో నిలబడే ఆ పుటలు ఫోన్లో తిప్పొచ్చు. కొలోన్ విశ్వవిద్యాలయం వాటిని అందరికీ తెరిచిపెట్టింది. కానీ అప్పట్లో ముల్లర్‌కి ఆ పుటలు ఓ సవాలు. నిఘంటువే ఉంటే ఇక భాష్యమెందుకు?

1874లో ముల్లర్ సాయణభాష్యం ఆరో సంపుటం, చివరిది, వచ్చింది. పాతికేళ్ల చాకిరీ. కొన్నాళ్లకు ప్రతులు అయిపోయాయి. మళ్లీ అచ్చువేయాలి. ముల్లర్ లండన్‌లోని ఇండియా ఆఫీసును అడిగాడు. తొలి ముద్రణకు డబ్బు పెట్టిన కంపెనీ ఎప్పుడో పోయింది. దాని వారసులు కుదరదన్నారు.

తలుపు మూసుకుంది. అరవై దాటిన మనిషి. సొంత జేబుతో అయ్యే పని కాదు.

అప్పుడు కదిలింది విజయనగరం. పూసపాటి ఆనంద గజపతిరాజు. గురజాడ అప్పారావుకి ఆశ్రయమిచ్చిన ఆ మహారాజే. రెండో ముద్రణ ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. కన్యాశుల్కం ఆయనకు అంకితమైన సంగతి బడిపిల్లలకూ తెలుసు. ఈ పద్దు గుర్తున్నవాళ్లు ఎందరో మరి! సాయణుడు రాసింది తుంగభద్ర ఒడ్డున విజయనగర రాజుల నీడలో, ఐదు వందల ఏళ్లకు మళ్లీ పూనుకున్నది ఉత్తరాంధ్ర విజయనగరం. డబ్బు దొరికింది సరే, పాఠమంతా మళ్లీ సరిచూసేదెవరు?

1888. వియెన్నా నుంచి పాతికేళ్లు నిండని కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో దిగాడు. పేరు వింటర్నిట్స్. బల్ల మీద పాత సంపుటాలు, ప్రతులు, ప్రూఫులు. ఒక ప్రతిలో ఒక పాఠం, ఇంకో ప్రతిలో ఇంకోటి. ఏది సాయణుడిది, ఏది లేఖకుడి పొరపాటు? తేల్చాలి. తప్పు దొర్లితే పండితులు చీల్చి చెండాడతారు. అమెరికాలో విట్నీ అనే సంస్కృత పండితుడైతే ముల్లర్ మీద ఎప్పుడూ కత్తి నూరుతూనే ఉంటాడు. 1890లో సంపుటాలు రావడం మొదలైంది. 1892కల్లా నాలుగూ పూర్తి. అదే ఏడు విజయనగరంలో కన్యాశుల్కం నాటకంలోని గిరీశం తొలిసారి రంగమెక్కాడు.

1897లో ఆనంద గజపతి కన్నుమూశారు. రెండేళ్లకు, 1899లో, ఆనాటి ఎన్నికల విజేత విలియమ్స్ కూడా పోయాడు. పెంచి, దిద్దిన అతని సంస్కృత నిఘంటువు ఆ ఏడే విడుదలైంది. చేతిలోకి తీసుకుని చూసుకునే యోగం అతనికి లేకపోయింది. వేదపదాలకు అది పీటర్స్‌బర్గ్ నిఘంటువు మీద బాగా ఆధారపడింది. అయినా పుటలు తిప్పుతుంటే ఎన్నో మాటల దగ్గర, అర్థం ఎవరు చెప్పారో తెలిపే పొట్టి గుర్తు ఒకటి తగులుతూనే ఉంటుంది. ఆ గుర్తు సాయణుడిది.