ఇల్లరికం లేని చట్టం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాయడానికి నాకంటే మంచి చేతులు చాలా ఉన్నాయన్నాను. "జ్ఞాపకాలు అందరూ పంపుతున్నారులే. పోయిన సంక్రాంతికి ఆత్మీయ సమ్మేళనంలో, భోజనాల దగ్గర నిలబడి గంటసేపు చెప్పావే, అది రాయి" అన్నాడు.

ఆ రోజు నన్ను అడిగినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు అమెరికాలో, ఒకరు ఆస్ట్రేలియాలో ఉంటున్నారు. ముగ్గురికీ ఇక్కడ పెద్దవాళ్ళు ఉన్నారు, తిరిగి వచ్చేయాలన్న ఆలోచనా ఉంది. ఇద్దరి భార్యలు అక్కడివాళ్ళే. మూడో మనిషి మన ఆడపిల్ల, ఆవిడ భర్త అక్కడివాడు. ఇంటికి వచ్చేస్తే ఈ మనిషి ఇక్కడ ఏ హోదాలో ఉంటాడు, ఎన్నాళ్ళు ఉండనిస్తారు, ఉద్యోగం చేసుకోవచ్చా అన్నది వాళ్ళ ప్రశ్న. నేను వకీలును కాను. వంతెనలు కట్టే ఇంజినీరుని. కానీ ఈ దారిని మా ఇంట్లో రెండుసార్లు చూశాను. ఒకసారి తమ్ముడిగా, ఇంకోసారి భర్తగా.

మా అక్క కూడా మన బడి విద్యార్థినే. 1976లో పదో తరగతి పాసయి, నర్సింగు చదివి, 1981లో ఇంగ్లండు వెళ్ళింది. 1983లో అక్కడే ఒక వడ్రంగం పనివాణ్ణి పెళ్ళాడింది. మా నాన్నగారు ఏడాదిపాటు అక్కతో ఉత్తరం ముక్క మాట్లాడలేదు. 1985 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చింది. అక్క, బావ, పది నెలల పిల్లవాడు దిగారు. కుడిచెయ్యి పడిపోయిన మనిషి కూర్చోవడానికి వీలుగా బావ మా పాత పడకకుర్చీ చెక్క చేతులు వెడల్పు చేసి, వెనక ఒక మెట్టు పెట్టాడు. తెలుగు ముక్క రాదు. అయినా నాన్నగారు మొదట మాట్లాడింది ఆయనతోనే, ఎడమచేత్తో సైగలు చేస్తూ. నెల తిరిగేసరికి అక్క ఇక్కడే ఉండిపోతానంది. బావ సరేనన్నాడు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు 1984 వరకు మన దేశం రావడానికి వీసా అక్కర్లేదు. ఆ ఏడే పెట్టారు. బావకూ పిల్లవాడికీ ఆరు నెలల వీసా ఉంది. పొడిగించమని అర్జీ పెట్టారు, నెలలు గడిచాయి, జవాబు లేదు. అప్పుడు నేను పదో తరగతి. మా సోషల్ మాస్టారికి సంగతి చెబితే, తెలిసిన ప్లీడరు దగ్గర 1955 పౌరసత్వ చట్టం పుస్తకం తెచ్చి, ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని చదివారు. ఐదో సెక్షన్ దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. భారత పౌరులను పెళ్ళాడిన స్త్రీలు నమోదు ద్వారా పౌరసత్వం పొందవచ్చని ఉంది. స్త్రీలు అని మాత్రమే. పురుషుల మాట లేదు. "కోడలు రావచ్చట. అల్లుడికి దారి రాయలేదు. మన చట్టంలో ఇల్లరికం లేదురా అబ్బాయ్" అన్నారు.

ఇంకో పేజీ తిప్పితే నాలుగో సెక్షన్. విదేశంలో పుట్టిన బిడ్డకు వంశం వల్ల పౌరసత్వం రావాలంటే తండ్రి భారతీయుడై ఉండాలి. తల్లి లెక్కలోకి రాదు. అంటే మా ఇంట్లో ఆ పూట అన్నం తింటున్న ముగ్గురిలో అక్క ఒక్కతే ఈ దేశపు మనిషి. ఆమె కన్న పిల్లవాడు పరాయివాడు. ఇక మిగిలింది ఏళ్ళ తరబడి ఇక్కడ నివాసం ఉండి, ఏ సంబంధమూ లేని విదేశీయుడిలా సహజీకరణ కోరుకోవడం. ఆ ఏళ్ళు ఉండడానికి వీసా కావాలి కదా! 1986 సంక్రాంతి వెళ్ళిన వారానికి వాళ్ళు వెళ్ళిపోయారు. నాన్నగారు 1988 ఫిబ్రవరిలో పోయారు. అక్క మూడో రోజుకు అందుకుంది.

చట్టం రాసినవాళ్ళు దుర్మార్గులని నేను అనను. పెళ్ళయ్యాక ఆడపిల్ల మగవాడి ఇంటికి వెళ్తుందన్నది వాళ్ళకు గాలి, నీరు లాంటి సంగతి. అలా వచ్చిన కోడళ్ళను ఈ దేశం బాగానే చూసుకుంది. నెల్లీ సేన్‌గుప్తా కేంబ్రిడ్జి నుంచి బెంగాల్ కోడలిగా వచ్చి, 1933లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది. పరమవీరచక్ర పతకానికి రూపం గీసిన సావిత్రీ ఖానోల్కర్ స్విట్జర్లాండులో పుట్టిన మనిషి. కె.ఆర్. నారాయణన్ గారు విదేశాంగ శాఖలో ఉండగా బర్మా అమ్మాయి మా టిన్ టిన్‌ను ప్రేమించారు. ఆ సర్వీసులో ఉన్నవాళ్ళు విదేశీయులను పెళ్ళాడకూడదని నియమం. నెహ్రూ ప్రత్యేక అనుమతి ఇస్తేగాని 1951లో పెళ్ళి కాలేదు. ఆమె ఉషా నారాయణన్‌గా భారత పౌరురాలై, రాష్ట్రపతి భవన్‌లో ఐదేళ్ళు ఉన్నారు.

అల్లుళ్ళ కథలు అంత తేలిగ్గా దొరకవు. నా వృత్తివాళ్ళకు తెలిసిన పేరు ఒకటుంది, లారీ బేకర్. చౌకగా, అందంగా ఇటుక ఇళ్ళు కట్టిన ఆ ఇంగ్లీషు ఆర్కిటెక్టు 1948లో కేరళ డాక్టరమ్మ ఎలిజబెత్ జాకబ్‌ను పెళ్ళి చేసుకుని, పితోరాగఢ్ కొండల్లోనూ తర్వాత కేరళలోనూ బతికారు. ఆయన భారత పౌరుడైంది 1980ల చివర్లో, అంటే పెళ్ళయిన నలభై ఏళ్ళకు. త్రివేండ్రంలో ఆయన కట్టిన కాఫీ హౌస్‌లో సున్నా చుట్టినట్టు తిరిగే ఆ వాలు మీద నడుస్తూ నేను అనుకున్నది ఇదే, ఈ మనిషి ఎంతకాలం ఇక్కడ అతిథి అని.

ఈ గుడ్డితనం మనది మాత్రమే కాదని చెప్పడం న్యాయం. సరిగ్గా 1985లోనే, భార్యలను రానిస్తూ భర్తలను ఆపుతున్న బ్రిటన్ వలస నియమాలు వివక్ష అని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. బ్రిటన్ ఏం చేసిందనుకున్నారు? భర్తలకు దారి తెరవలేదు, భార్యలకు కూడా బిగించింది. సమానత్వం వచ్చేసింది!

మన దగ్గర మార్పు మంచివైపే జరిగింది, ఆలస్యంగా. 1986 సవరణలో 'స్త్రీలు' పోయి 'వ్యక్తులు' వచ్చింది. 1987 జూలై 1 నుంచి అమలు. దాంతోపాటు ఐదేళ్ళ నివాసం షరతు పెట్టారు. తల్లి వల్ల కూడా పౌరసత్వం వచ్చేలా నాలుగో సెక్షన్‌ను 1992లో మార్చారు. మా మేనల్లుడికి అప్పటికి ఎనిమిదేళ్ళు. 2003 సవరణ ఆ ఐదేళ్ళను ఏడేళ్ళు చేసింది. ఇవాళ్టికీ అదే లెక్క.

పౌరసత్వం అక్కర్లేదు, ఉండనిస్తే చాలు అనేవాళ్ళకు దారి 1999లో పీఐఓ కార్డుతో మొదలైంది. భారత సంతతివాళ్ళకే కాక వాళ్ళ విదేశీ భార్యకో భర్తకో కూడా ఇచ్చారు. కానీ ధర 1,000 డాలర్లు. వడ్రంగం చేసుకునేవాళ్ళకు అది అయ్యే పనా? 2002లో దాన్ని 15,000 రూపాయలకు దించాక బావ తీసుకున్నాడు. ఓసీఐ పథకం 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఘనంగా మొదలైంది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమంది గమనించారో గానీ, సంతతి లేని విదేశీ జీవితభాగస్వామికి అందులో చోటు లేదు. వాళ్ళు పీఐఓ దగ్గరే ఉండిపోయారు.

నేను తిరిగి వచ్చింది ఆ మధ్యకాలంలో, 2010లో. గల్ఫులో పన్నెండేళ్ళు పనిచేశాను, నా భార్యది ఫిలిప్పీన్స్. అమ్మ ఒంటరిదైపోయిందని వచ్చేశాం. నా పని అక్కతో పోలిస్తే నల్లేరు మీద నడక. నేను మగవాణ్ణి, కోడల్ని తెచ్చాను. పాప పుట్టిన ఏడాదిలోపే కాన్సులేటులో నమోదు చేయించాను కాబట్టి అది భారత పౌరురాలే. భార్యకు పీఐఓ కార్డు తీసుకున్నాం. ఆర్నెల్లు దాటి ఉంటే నమోదు చేసుకోవాలి, చేసుకున్నాం. అక్కడి గుమాస్తా నా భార్య వండిన అన్నం మా అమ్మకు నచ్చుతోందా అని అడిగాడు. చట్టంలో లేని ప్రశ్న అదొక్కటే. 2015 జనవరి 9న పీఐఓ కార్డులన్నీ ఓసీఐ అయిపోయాయి. ఆ ఏడు సవరణతో విదేశీ జీవితభాగస్వామికి, ఆడైనా మగైనా, ఓసీఐలో సొంత చోటు వచ్చింది.

మన ముగ్గురు మిత్రుల కోసం ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. ఓసీఐకి పెళ్ళి రిజిస్టరై, ఆ తర్వాత తెగకుండా రెండేళ్ళు నిలిచి ఉండాలి. గుళ్ళో పెళ్ళి ఫొటోలు పనికిరావు. మా బ్యాచ్‌లో ఒకడు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు రిజిస్టరు చేయించి, రెండేళ్ళు కూర్చున్నాడు. భద్రతా విచారణ కూడా ఉంటుంది, టికెట్లు కొనుక్కుని అర్జీ పెట్టకండి. రెండేళ్ళు నిండనివాళ్ళు ఎక్స్ వీసా మీద వచ్చి నమోదు చేసుకుని ఉండవచ్చు, కానీ ఆ వీసా మీద ఉద్యోగం చేద్దామనుకోవద్దు. ఓసీఐ ఉంటే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. పొలం కొనకూడదు. ఓటు లేదు, సర్కారు కొలువు లేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ కార్డు లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి నమోదు పద్ధతులు బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

పేరులో పౌరసత్వం ఉన్నా ఓసీఐ పౌరసత్వం కాదు. అది పెళ్ళికి కట్టిన తాడు. కోర్టు విడాకులిస్తే కార్డు రద్దు చేయవచ్చు. నా భార్యకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ, మా పెళ్ళి ఇంకా నిలిచే ఉందని ఒక డిక్లరేషన్ ఎక్కించాలి. "నన్నే అడుగుతారేం? నిన్నెవరూ అడగరా?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు. నిజమైన పౌరసత్వానికి ఆమెకు అర్హత వచ్చి చాలాకాలమైంది. తీసుకుంటే ఆ దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి, మన రాజ్యాంగం రెండు పడవల మీద కాలు ఒప్పుకోదు. వాళ్ళమ్మ ఉన్నంతకాలం కన్నతల్లి గడపకు విదేశీయురాలిగా వెళ్ళనంటుంది. మా అక్క ఏడ్చిన ఏడుపు చూసినవాణ్ణి, నేను బలవంతం చేయలేదు.

అక్క 1990ల్లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంది. రిటైరయ్యాక ఇద్దరూ ఏటా అక్టోబరులో వచ్చి మార్చి దాకా మన ఊళ్ళోనే ఉంటున్నారు, ఇద్దరివీ ఓసీఐ కార్డులే. బావకు ఇప్పుడు తెలుగు వచ్చు, కూరగాయల బేరం దాకా. వీధిలో వాళ్ళు ఇల్లరికం అల్లుడుగారని పిలిస్తే పలుకుతాడు. పడకకుర్చీకి వెడల్పు చేసిన చెక్క చేతులు అలాగే ఉన్నాయి. ఈ మధ్య నవారు తెగితే ఆయనే కొత్తది అల్లాడు. మధ్యాహ్నం పూట అందులో ఆయనే పడుకుంటాడు.