కాలాపానీలో కాపురం

మొన్న పొద్దున్నే మా వీధి చివరావిడ హడావుడిగా వచ్చింది. "పిన్నిగారూ, మా అమ్మాయికి బ్యాంకువాళ్ళు శ్రీవిజయపురం వేశారండీ. పంపమంటారా, ఉద్యోగం మానిపించమంటారా?" అంది.

శ్రీవిజయపురం అంటే ఏ గోదావరి జిల్లాలోనో పల్లెటూరనుకున్నాను. ఆవిడ ముఖంలో ఆ గాభరా చూశాక గానీ వెలగలేదు. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లేరుకి పెట్టిన కొత్త పేరది! పేరు మారిస్తే వూరు దగ్గరవుతుందా చెప్పండి? మద్రాసు నుంచయినా, విశాఖపట్నం నుంచయినా రమారమి పన్నెండువందల కిలోమీటర్ల సముద్రం అలాగే వుంది.

"మీరు ఏడేళ్ళున్నారట కదా, అక్కడ మంచేమిటో చెడ్డేమిటో చెప్పండి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ అయితే యిచ్చాను గానీ, సమాధానం మాత్రం ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆవిడ వెళ్ళిపోయాక, ఆవిడకి చెప్పవలసిందంతా యిలా మీకు చెబుతున్నాను.

1979లో మావారికి అక్కడికి బదిలీ అయింది. ఆ కబురు వినగానే మా అత్తగారు అన్న మొదటి మాట, "ద్వీపాంతరవాసమా! ఏం నేరం చేశాడే నా కొడుకు?" అని. ఆవిడ చిన్నతనంలో అండమాన్ అంటే వెళ్ళినవాడు తిరిగి రాని చోటు. మరీ అలా ఏం కాదని మావారు మన్యం పితూరీ సంగతి ఎత్తారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ శిక్షకి వెళ్ళి, తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభకి కూడా గెలిచాడు కదమ్మా అన్నారు. "అయితే నువ్వూ ఓట్లకి నిలబడతావేమిట్రా?" అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. మూడు రోజుల ప్రయాణం. మొదటి రోజు సముద్రాన్ని చూసి మురిసిపోయాను. రెండోరోజు తల ఎత్తలేదు. మూడోరోజు మా పిల్లవాడు "అమ్మా, కొండలు!" అని అరిస్తే లేచి చూశాను. నీళ్ళలోంచి పచ్చటి అడవి లేచి నిలబడింది. కాలాపానీ, కాలాపానీ అంటారు గానీ, ఒడ్డు దగ్గర ఆ నీళ్ళు నెమలి కంఠం రంగులో వుంటాయి. నల్లదనమంతా వెళ్ళినవాళ్ళ బతుకుల్లోనిదే.

ఆ వూరు పుట్టడమే వింతగా పుట్టింది. ఆర్చిబాల్డ్ బ్లేర్ అనే ఆయన 1788లో తీరం కొలిచాడు. మరుసటేడు అక్కడొక వలస పెట్టారు. తర్వాత దాన్ని ఉత్తరానికి మార్చారు. జ్వరాలతో జనం పిట్టల్లా రాలిపోతుంటే 1796లో మూట కట్టేశారు. అరవయ్యేళ్ళపాటు మళ్ళీ అడవే. 1857 తిరుగుబాటు తరువాత ఖైదీలని ఎక్కడ పడెయ్యాలో తెలియక, ఆ చోటు మళ్ళీ దొరలకి గుర్తొచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండువందలమంది ఖైదీలతో దిగాడు. అడవి కొట్టించాడు. పారిపోయి దొరికినవాళ్ళని ఎనభైమందికి పైగా ఉరి తీయించాడు. అడవి దాటితే బర్మా వస్తుందనుకున్నారట పాపం! దాటితే వచ్చేది మళ్ళీ సముద్రమే.

అలా పారిపోయినవాళ్ళలో దూధ్‌నాథ్ తివారీ అనే ఒకాయన కథ విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అండమానీ ఆదివాసులు అతన్ని గాయపరిచి, మళ్ళీ వాళ్ళే జాలిపడి, తమలో కలుపుకున్నారు. లీపా అనే అమ్మాయినిచ్చి పెళ్ళి చేశారు. ఏడాదిపాటు వాళ్ళ తిండి తిన్నాడు. 1859లో ఆ అడవి జనం ఖైదీల వలస మీద దాడికి సిద్ధమవుతుంటే, పరుగున వచ్చి దొరల చెవిన వేశాడు. అబర్డీన్ దగ్గర తుపాకులకీ బాణాలకీ యుద్ధం జరిగింది. ఎవరు గెలిచారో చెప్పనక్కర్లేదు. తివారీకి క్షమాభిక్ష దొరికి దేశం వెళ్ళిపోయాడు. లీపా కడుపుతో వుంది. ఆమె తరువాతేమయిందో ఎవరూ రాసిపెట్టలేదు. నేను కూరలు కొనుక్కునే అబర్డీన్ బజారు పేరే ఆ యుద్ధానికీ వుంది. అక్కడ దోసకాయలు బేరమాడుతూ ఎన్నిసార్లు ఆ పిల్లని తలుచుకున్నానో! ఆ జాతివాళ్ళు యిప్పుడు పిడికెడుమంది మిగిలారు.

మా పక్కింట్లో ఒక ముసలావిడ వుండేది. వాడంతా ఆవిడని 'నానీ' అనేవాళ్ళు, నేనూ అంతే. అమ్మమ్మ అని హిందీలో. ఆవిడది 'లోకల్ బార్న్' కుటుంబం. అంటే ఖైదీల సంతతి. ఆ మాట చెప్పుకోడానికి వాళ్ళు యేమాత్రం సిగ్గుపడరు. నేనే మొదట్లో ఎలా పలకరించాలో తెలియక తడబడ్డాను.

"మా నాయనమ్మ ఆగ్రా అవతల్నించి వచ్చింది. తాత మరాఠా. ఆవిడ భాష ఆయనకి రాదు, ఆయన భాష ఆవిడకి రాదు" అని నవ్వేది నానీ.

ఖైదీల పెళ్ళిళ్ళ గురించి ఆవిడ చెప్పగా విన్నాను, తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. కొన్నేళ్ళు బుద్ధిగా వున్న మగ ఖైదీకి టిక్కెట్టు యిచ్చేవారు. అతను పొలమో చేతిపనో చేసుకుని సొంతంగా బతకొచ్చు. పెళ్ళాడాలంటే ఆడవాళ్ళ జైలుకి వెళ్ళి అడగాలి. పెళ్ళికి అర్హత వచ్చిన ఆడవాళ్ళని అతని ముందుకి తెచ్చేవారు. ఆడదాని ఒప్పుదల కూడా అడిగేవారు లెండి. ఒప్పుకుంటే ఒక గుడిసె, ఒక మొగుడు. వొద్దంటే మళ్ళీ ఆ జైలు గోడలు. మన పెళ్ళిచూపులు యింతకన్నా గొప్పగా వుంటాయా అని అడిగితే నేను కాసేపు ఆలోచించాలి.

అసలు ఆ ఆడవాళ్ళు చేసిన నేరాలేమిటనుకున్నారు? మొగుణ్ణి చంపడం, పసిగుడ్డుని చంపడం, యివే ఎక్కువ. ఆ రెండోదాని వెనక కథ మన అమ్మమ్మల తరానికి చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ళకి పెళ్ళి, పన్నెండేళ్ళకి వైధవ్యం, ఆ తరువాత యింట్లోని ఏ మగాడి వల్లో కడుపు. బిడ్డ బతికితే వెలి, పోతే ద్వీపాంతరం. ఆ కడుపుకి కారకుడు మాత్రం వూళ్ళోనే అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

"మీ నాయనమ్మ ఏం చేసిందట?" అని ఒకనాడు నోరు జారి అడిగేశాను. నానీ బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండా, "యిక్కడెవరూ అది అడగరు బేటీ" అంది. ఆ తరువాత నేనెప్పుడూ అడగలేదు.

అడగకపోవడం ఆ వూరి మర్యాద! కులం అడగరు. తాత పేరు అడగరు. ఒకే కుటుంబంలో ఒకరు గుడికీ, ఒకరు మసీదుకీ వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. మనవైపు రైల్లో పక్కన కూర్చున్నావిడ రెండో ప్రశ్నలోనే 'మీరేవిట్లు?' అని అడగదూ? ఏడేళ్ళలో నన్ను ఆ మాట అడిగింది మనవాళ్ళే. జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు చాలా వున్నాయి. చేపల గంప పక్కన పెట్టుకుని, "అమ్మగోరూ, మీదేవూరండీ?" అని ఒకామె పలకరించిన రోజున నాకు పుట్టింటి గుమ్మం కనిపించినట్టయింది. మేము చేపలు తినమని తెలిసి, మర్నాడు పెరట్లో పండించిన గోంగూర కట్ట తెచ్చియిచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఇంకో విచిత్రం. దొంగల కోసం, హంతకుల కోసం కట్టిన ఆ వూళ్ళో మేము పగలు తలుపుకి గొళ్ళెం పెట్టేవాళ్ళం కాదు. పూర్వం రాస్ దీవిలో దొరసానులు యింటి పనికి ఖైదీలనే పెట్టుకునేవారు. దొంగతనం చేసినవాడికన్నా హత్య చేసినవాడే నమ్మకస్తుడని వాళ్ళ అనుభవమట! ఆ రాస్ దీవి ఎంత వైభోగంగా వుండేదంటే బేకరీ, టెన్నిస్ కోర్టు, చర్చి, నృత్యశాల అన్నీ వుండేవి. 1941 జూన్‌లో భూకంపం, మరుసటేడు జపానువాళ్ళు. మేము చూసేటప్పటికి గోడలన్నీ మర్రివేళ్ళ కౌగిట్లో వున్నాయి. 2018లో దానికి నేతాజీ పేరు పెట్టారు.

సెల్యులార్ జైలు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 1896లో మొదలెట్టి పదేళ్ళు కట్టారు. ఏడు కొమ్మలు, మూడేసి అంతస్తులు, దాదాపు ఏడువందల కొట్లు. ఒక కొట్లోవాడికి యింకొక కొట్లోవాడి ముఖం కనబడకూడదని ఆ ఏర్పాటు. మేము వెళ్ళిన ఏడాది ఫిబ్రవరిలోనే దాన్ని జాతీయ స్మారకం చేశారు. ఆ ఆవరణలోనే ఆసుపత్రి. మా చిన్నదానికి జ్వరం వస్తే అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. మందు సీసా పట్టుకుని ఆ ఎర్ర గోడల పక్కనుంచి నడుస్తుంటే, యింతకన్నా చిన్న జ్వరానికి మందు లేక లోపల ఎంతమంది పోయారో అనిపించేది.

చెడ్డ కూడా చెప్పాలి కదా. ఓడ వస్తే పండుగ, రాకపోతే పస్తు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పులు, ఆఖరికి దీపావళి టపాకాయలు కూడా ఓడలోనే రావాలి. పాలపొడి కాఫీకి అలవాటుపడ్డాం. వారపత్రికలు నాలుగైదు ఒక్కసారే వచ్చేవి. సీరియల్ నెలకి సరిపడా ఒక్క రోజులో చదివేసి, మళ్ళీ నెలంతా ఆకలితో వుండేదాన్ని. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన కురిసే వూళ్ళో వేసవిలో నీళ్ళకి వంతులు! జెర్రులు జానెడు పొడుగున వుండేవి. సూర్యుడు మనకన్నా నలభై నిమిషాల ముందే వచ్చేస్తాడు, గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం అయిదు దాటేసరికి చీకటి. పిల్లలు బడి నుంచి వచ్చి పాలు తాగేలోపు దీపం వెలిగించాల్సిందే.

ఓడ రాకపోవడమంటే ఏమిటో నానీకి తెలిసినంత నాకు తెలియదు. 1942 మార్చి 23న జపానువాళ్ళు దిగినప్పుడు ఆవిడకి యిరవయ్యేళ్ళు. మూడున్నరేళ్ళు వూరికి బయట లోకమే లేదు. గూఢచారులని అనుమానించి చదువుకున్నవాళ్ళని జైల్లో వేసి హింసించారు. 1943 డిసెంబరులో సుభాష్ చంద్రబోస్ వచ్చి జెండా ఎగరేస్తే, జనం ఆయన దగ్గరికి వెళ్ళి తమ గోడు చెప్పుకునే వీలు లేకపోయింది. సరిగ్గా నెలకి, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపారు. ఆఖర్లో తిండి లేదు. చిలగడదుంపలు, అడవి దుంపలు. 1945లో ముసలివాళ్ళనీ, పనికిరారనుకున్నవాళ్ళనీ వేరే దీవికని పడవల్లో ఎక్కించి నీళ్ళలో వదిలేశారు. నానీ మంచం కింద ఎప్పుడూ ఒక బియ్యం డబ్బా వుండేది. అందులో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. కోడళ్ళు నవ్వుకునేవారు. నేను నవ్వలేకపోయాను.

1983లో, ఆషాఢమాసం అనుకుంటాను, మా అన్నయ్య దగ్గర్నించి టెలిగ్రాం వచ్చింది. అమ్మకి బాగాలేదు, వెంటనే రమ్మని. ఓడ తొమ్మిది రోజుల తరువాత. విమానం వారానికి రెండు మూడు మాత్రమే, అన్నీ నిండిపోయాయి. మావారు టిక్కెట్ల దగ్గర మూడు రోజులు పడిగాపులు కాశారు. ఒక పెద్దమనిషి సీటు వుందని చెప్పి, డబ్బు కట్టేలోపు యింకెవరికో యిచ్చేశారు. నాలుగోరోజున రెండో టెలిగ్రాం వచ్చింది.

ఆ రాత్రి నానీ మా యింట్లోనే పడుకుంది. ఏమీ ఓదార్చలేదు. తెల్లవారుజామున నన్ను జెట్టీ దగ్గరికి తీసుకెళ్ళి, "మా నాయనమ్మ రోజూ యిక్కడికొచ్చి, అటు పడమటి వైపు తిరిగి, తల్లికి దండం పెట్టుకునేదట. నువ్వూ పెట్టుకో" అంది. పెట్టుకున్నాను. ఓడ ఎక్కి నేను కాకినాడ చేరేసరికి పన్నెండోరోజు కూడా అయిపోయింది. మా వదిన అమ్మ చీర ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడలా లేదని నాకూ తెలుసు. రోజూ విమానాలు. 2020 ఆగస్టులో మద్రాసు నుంచి సముద్రం అడుగున తీగ వేశారు, మాటలూ బొమ్మలూ క్షణంలో వెళతాయి. కానీ 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, టీవీ ముందు కూర్చుని జంగ్లీఘాట్ గోంగూరావిడ ఏమయిందో తెలియక నేను పడ్డ బాధ నాకే తెలుసు. ఆ భూకంపానికి పోర్టుబ్లేరు చుట్టుపక్కల నేల మూడడుగుల దాకా కుంగిపోయింది. మేము ఆదివారాలు షికారు వెళ్ళిన సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చి అక్కడే వుండిపోయింది. ఒక నెలకి మావారి స్నేహితుడు ఉత్తరం రాశారు. ఆమె క్షేమమే, పడవ పోయిందిట.

సాయంత్రం వీధి చివరావిడ యింటికి నేనే వెళ్ళాను. కూతురు పెట్టె సర్దుకుంటోంది. వెళ్ళడానికే నిశ్చయించుకుందన్నమాట. ఆ పిల్ల మొహంలో నాకు లేనంత ధైర్యం వుంది. "అమ్మమ్మా, ఏం పట్టుకెళ్ళమంటారు?" అని అడిగింది.

"రానూపోనూ విమానం డబ్బు విడిగా ఒక కవరులో పెట్టుకో. ఎంత అవసరమొచ్చినా అది ముట్టుకోకు" అన్నాను. పర్సులోంచి చిన్న పొట్లం తీసి యిచ్చాను. గోంగూర విత్తనాలు. అక్కడ వానకి యిట్టే మొలుస్తాయి.

వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి, "యింతకీ మంచిదంటారా, కాదంటారా పిన్నిగారూ?" అంది.

"ముందు ఆ కవరు సంగతి చూడమ్మా" అని వచ్చేశాను.