మేదస్సు, ఆకలి, పుంస్త్వం: ఒక హార్మోన్ చరిత్ర

చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవై ఒకటో అధ్యాయానికి అష్టౌనిందితీయమని పేరు. నిందితమైన ఎనిమిది రకాల దేహాలను పేర్కొని, వాటిలో అతిస్థూలుడినీ అతికృశుడినీ ప్రత్యేకంగా చర్చిస్తుంది. అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర వంటివి స్థౌల్యానికి కారణాలని చెప్పి, దానివల్ల కలిగే ఎనిమిది దోషాలలో మైథునంలో కష్టాన్ని కూడా చేరుస్తుంది. శుక్రం కొరవడడం, మేదస్సు మార్గాలను ఆవరించడం అందుకు హేతువులని వివరిస్తుంది. ఇందులో హార్మోన్ల జ్ఞానాన్ని వెతకడం అనవసరం. కానీ పుంస్త్వం తగ్గడాన్ని ఒక్క అవయవపు లోపంగా కాక, తిండితో, కదలికతో, దేహస్థితితో ముడిపెట్టి చూసిన పరిశీలన ఇక్కడ స్పష్టంగా ఉంది. ఆధునిక వైద్యం పూర్తిగా వేరే దారిన బయలుదేరి, చాలా ఆలస్యంగా ఈ ముడి దగ్గరికి వచ్చింది.

ఆ దారి వృషణాలతో మొదలైంది. ఆంబోతుకూ ఎద్దుకూ ఉన్న తేడా ప్రతి రైతుకూ తెలిసినదే. ఆ తేడాను ప్రయోగానికి పెట్టినవాడు గటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ బెర్తోల్డ్. 1849లో ఆయన ఆరు కోడిపుంజుల వృషణాలను తొలగించాడు. వాటిని తిరిగి కడుపులో అమర్చిన పుంజులకు తురాయి పెరిగింది, కూత నిలిచింది, పోట్లాట తగ్గలేదు. మిగిలినవి ఆ లక్షణాలను కోల్పోయాయి. అమర్చిన వృషణాలకు పాత నరాల సంబంధం లేదు కనుక, వాటి ప్రభావం రక్తం ద్వారానే చేరుతున్నదని ఆయన గ్రహించాడు.

నలభై ఏళ్ల తరువాత, మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టిన ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రవేత్త షార్ల్ బ్రౌన్-సెకార్, తన డెబ్భై రెండో ఏట పారిస్‌లో ఒక సంచలన ప్రకటన చేశాడు. కుక్కల, గినీపందుల వృషణాలనుండి తీసిన ద్రవాన్ని తనకు తానే సూదితో ఎక్కించుకొని, బలమూ ఉత్సాహమూ తిరిగి పొందానన్నాడు. టెస్టోస్టెరోన్ నీటిలో దాదాపు కరగదు. నీటితో తీసిన ఆ ద్రవంలో పనిచేయగల మోతాదు ఉండే అవకాశం లేదు. ఆయన పొందినది నమ్మకపు ఫలం. అయినా వృద్ధాప్యానికి వృషణద్రవ్యపు కొరతే కారణమనీ, దాన్ని బయటినుండి భర్తీ చేయవచ్చుననీ ఒక భావన అప్పుడు బలపడింది.

రసాయన శాస్త్రం ఆ భావనకు అసలైన పదార్థాన్ని అందించింది. 1931లో అడాల్ఫ్ బ్యూటెనాంట్ వేల లీటర్ల మూత్రంనుండి కొద్ది మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరోన్‌ను వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎర్న్‌స్ట్ లాకర్ బృందం ఆంబోతుల వృషణాలనుండి టెస్టోస్టెరోన్‌ను స్ఫటిక రూపంలో తీసి, ఆ పేరు పెట్టింది. అదే ఏడాది బ్యూటెనాంట్, లియోపోల్డ్ రుజీచ్కా వేర్వేరుగా దాన్ని కొలెస్టెరాల్ నుండి తయారుచేశారు. 1939లో రసాయనశాస్త్రపు నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది.

పదార్థం చేతికి వచ్చాక, అది ఎవరికి అవసరమన్న ప్రశ్న మిగిలింది. 1944లో అమెరికా వైద్యులు హెల్లర్, మైయర్స్ ఒక గీటురాయి సూచించారు. వృషణం నిజంగా దెబ్బతింటే, దాన్ని పనిచేయించేందుకు మెదడు కింది పీయూష గ్రంథి తన సంకేతాలను పెంచుతుంది. ఆ పెరుగుదల మూత్రంలో కనబడాలి. కనబడకపోతే లోపం వృషణంలో కాదు, మరెక్కడో ఉంది.

ఆ 'మరెక్కడో' ఏమిటో అదే కాలంలో మినసోటా విశ్వవిద్యాలయంలో పరోక్షంగా తెలిసింది. యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించిన 36 మంది యువకులను ఆన్సెల్ కీస్ ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచాడు. వారు దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోయారు. కామవాంఛ దాదాపు మాయమైంది. తిండి పెరిగాక మెల్లగా తిరిగి వచ్చింది. ఆహారం చాలనప్పుడు దేహం సంతానోత్పత్తిని పక్కన పెడుతుంది. ఇది వ్యాధికన్నా పొదుపు వంటిది. చరకుడు కృశుడినీ స్థూలుడినీ ఒకే అధ్యాయంలో చేర్చడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

అతి స్థూలత సంగతి 1970లలో తేలింది. రేడియో ఇమ్యునోఅస్సే పద్ధతి వచ్చి, రక్తంలో హార్మోన్‌ను సూక్ష్మంగా కొలవడం సాధ్యమైంది. 1977లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం, అతి లావైన పురుషులలో మొత్తం టెస్టోస్టెరోన్‌తోపాటు దాన్ని మోసే ప్రొటీన్ కూడా తక్కువగా ఉందని చూపింది. కొవ్వుతో, ఇన్సులిన్ నిరోధకతతో ఈ ప్రొటీన్ తగ్గుతుంది. అందువల్ల ఒక మోస్తరు లావున్నవారిలో మొత్తం అంకె పడిపోయినా, స్వేచ్ఛగా తిరిగే హార్మోన్ చాలాసార్లు సరిపడా ఉంటుంది. స్థూలత మరీ ఎక్కువైతే ఆ స్వేచ్ఛా భాగమూ తగ్గుతుంది. అయినా పీయూష గ్రంథి సంకేతం పెరగదు. కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ టెస్టోస్టెరోన్‌ను ఎస్ట్రడయోల్‌గా మారుస్తుంది. ఇన్సులిన్ నిరోధకత, లెప్టిన్, దీర్ఘకాలపు వాపు లక్షణాలు కూడా మెదడులోని హైపోథాలమస్‌ను అణచివేస్తాయని పరిశోధకులు భావిస్తారు. 2004లో బఫలో నగరంలో సందీప్ ధిండ్సా, పరేశ్ దండోనా తదితరులు రెండో రకం మధుమేహం ఉన్న 103 మంది పురుషులను పరీక్షించగా, సుమారు మూడోవంతు మందిలో ఇదే స్థితి కనిపించింది. మధుమేహం ఎక్కువగా కనిపించే దక్షిణాసియా వారికి ఈ అంకె పరాయిది కాదు. వారిలో బరువు మామూలుగా కనిపించినా పొట్టలో కొవ్వు పేరుకుంటుంది. అందుకే పురుషుల నడుము కొలతకు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య వారికి 90 సెంటీమీటర్ల హద్దు పెట్టింది.

కారణం తెలిస్తే నివారణ కూడా కనబడుతుంది. 2013లో ఇటలీకి చెందిన జొవాన్నీ కొరోనా బృందం పాత అధ్యయనాలను కలిపి లెక్కించింది. తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గినవారిలో టెస్టోస్టెరోన్ లీటరుకు సగటున 2.9 నానోమోల్‌లు, ఎక్కువ బరువు తగ్గించే జీర్ణాశయ శస్త్రచికిత్సతో 8.7 నానోమోల్‌లు పెరిగింది. వ్యాయామం కథ కొంచెం వేరు. బరువులెత్తిన వెంటనే పెరిగే హార్మోన్ కాసేపటికే యథాస్థితికి వస్తుంది. కొవ్వు తగ్గడమే అసలు మేలు. ఏళ్ల తరబడి అతిగా దూరపు పరుగులు తీసేవారిలో అది తగ్గవచ్చు కూడా. ఆకలిలో కనిపించిన పొదుపే ఇక్కడా కనిపిస్తుంది.

అలాగని మందుకు పాత్రే లేదనలేము. ఆస్ట్రేలియాలో పొట్ట పెరిగిన 1007 మంది పురుషులకు బరువు తగ్గే శిక్షణతో పాటు కొందరికి టెస్టోస్టెరోన్ సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు ఇచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండేళ్ల తరువాత మధుమేహం మొదటి వర్గంలో 12 శాతం మందిలో, రెండో వర్గంలో 21 శాతం మందిలో ఉంది. అయితే మందు తీసుకున్నవారిలో ఐదోవంతుకు పైగా మందికి రక్తం ప్రమాదకరంగా చిక్కబడింది.

ఇంతకన్నా తక్కువగా మాట్లాడుకునే ఇంకొక ప్రమాదం ఉంది. బయటినుండి హార్మోన్ అందగానే పీయూష గ్రంథి సంకేతాలు ఆపేస్తుంది. వృషణంలో శుక్రకణాల తయారీ నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన పరిశోధన వారానికొక టెస్టోస్టెరోన్ సూదిని గర్భనిరోధకంగానే పరీక్షించింది. అందులో పాల్గొన్నవారిలో ఎక్కువ మందికి శుక్రకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. ఆపేశాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది. పిల్లలు కావాలని చూస్తున్న ముప్పై ఐదేళ్ల ఉద్యోగి, అలసటకు మందుగా ఆ సూదిని వేయించుకుంటే కోరుకున్నదానికి విరుద్ధంగా జరుగుతుంది.

బ్రౌన్-సెకార్ కాలం నాటి ఆశను నేటి ప్రకటనలు ఇంకా అమ్ముతున్నాయి. 2015లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ, కేవలం వయసువల్ల తగ్గిన టెస్టోస్టెరోన్‌కు ఈ మందులను ఆమోదించలేదని తయారీదారులు చీటీపై స్పష్టంగా రాయాలని ఆదేశించింది. వైద్యసంఘాల సూచనల ప్రకారం, ఉదయం వేళ రెండుసార్లు పరీక్షించి, పీయూష గ్రంథి సంకేతాన్ని కొలిచాకే చికిత్స సంగతి ఆలోచించాలి. ఆ వరుసలో నడుము చుట్టుకొలత, నిద్ర, మధుమేహం, సంతానాపేక్ష అనే నాలుగు ప్రశ్నలు కూడా ఉంటే, ఎంతోమందికి సూది అవసరం రాకముందే సమస్య మొదలైన చోటు తెలుస్తుంది.